మేష్టారి మైళ్ళ పద్దు

కోటబొమ్మాళిలో విమానం దిగదు. హౌరా-చెన్నై లైను మీద ఓ చిన్న స్టేషను, ఊరికి ఆనుకుని జాతీయ రహదారి... అంతే. విమానం ఎక్కాలంటే సుమారు నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి విశాఖపట్నం చేరుకోవాల్సిందే. అయినా ఈ ప్రాంతానికీ విమానాలకీ ఏదో చుట్టరికం ఉన్నట్టే కనిపిస్తుంది. 2014 నుంచి 2018 వరకూ దేశ పౌర విమానయాన శాఖను చూసిన అశోక్ గజపతిరాజు విజయనగరం వారు. 2024 జూన్‌లో అదే శాఖకు మంత్రి అయిన కింజరాపు రామ్మోహన్ నాయుడి సొంతూరు నిమ్మాడ సాక్షాత్తూ కోటబొమ్మాళి మండలంలోనిదే. ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాలు కట్టిన జీఎంఆర్ సంస్థ అధినేత గ్రంధి మల్లికార్జునరావుది రాజాం.

పెద్దల సంగతి అలా ఉంచితే, ఇక్కణ్ణించి విమానాలెక్కే మామూలు జనం ప్రధానంగా రెండు రకాలు. ఐటీఐ చదివి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఒక రకం. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు రెండో రకం. ఈ రెండు రకాలూ ఒకే ఇంట్లో ఉండటమూ కొత్త కాదు. కోటబొమ్మాళిలో ఉంటున్న ఓ రిటైర్డు లెక్కల మేష్టారిది అలాంటి ఇల్లే. కూతురు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటుంది. అప్ప కొడుకు దుబాయ్‌లో వెల్డరు.

మేష్టారికి అన్నిటికీ పద్దు రాసే అలవాటు. పాలకి ఒక పేజీ, ధాన్యానికి ఒకటి, కరెంటు బిల్లుకి ఒకటి. 2006 తర్వాత వాటికి ఇంకో పేజీ కలిసింది. దాని పైన ఎర్ర సిరాతో 'మైళ్ళు' అని రాసి ఉంటుంది.

ఆ ఏడాది కూతురి మొదటి పురుడుకి భార్యాభర్తలిద్దరూ మొదటిసారి అమెరికా వెళ్ళారు. ఢిల్లీలో కౌంటర్ దగ్గర అమ్మాయి టిక్కెట్లు చూస్తూ 'మెంబర్‌షిప్ నంబరు ఉందా సార్?' అని అడిగింది. ఇదేదో డబ్బు కట్టి చేరాల్సిన వ్యవహారం కాబోలనుకుని 'మాకలాంటివి అక్కర్లేదమ్మా' అన్నారు మేష్టారు. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చేటప్పుడు కూడా అదే మాట చెప్పారు.

అది పైసా ఖర్చు లేని సభ్యత్వమనీ, ఎగిరిన దూరాన్నిబట్టి మైళ్ళు జమ అవుతాయనీ, సరిపడా పోగైతే ఒక టిక్కెట్టు వస్తుందనీ ఊరికొచ్చాక ఎవరో చెప్పారు. మేష్టారు వెంటనే తాను పనిచేసిన హైస్కూలుకి వెళ్ళి గ్లోబు అడిగి తెచ్చుకున్నారు. దారం పెట్టి కొలిచారు. గుండ్రటి భూమ్మీద రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గర దారి మ్యాపు మీద గీసిన తిన్నని గీత కాదని ముప్పై మూడేళ్ళు పిల్లలకి చెప్పినాయన. విమాన సంస్థలు లెక్కపెట్టేది కూడా ఆ దూరాన్నే. ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 3,800 మైళ్ళు. అక్కణ్ణించి షికాగో ఇంకో 4,340. ఇద్దరు మనుషులు, రానూపోనూ... వెరసి 32 వేల పైచిలుకు మైళ్ళు. పద్దులో మొదటి వరుస అదే. ఎదురుగా 'పోయినవి' అని రాసుకున్నారు.

ఈ మైళ్ళ వ్యవహారం పుట్టింది అమెరికాలోనే. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టింది. ఆ వెనకే యునైటెడ్ అందుకుంది. ప్రభుత్వం ఛార్జీల మీద అదుపు వదిలేశాక పోటీ పెరిగింది. వచ్చిన ప్రయాణికుణ్ణి పక్కవాడి విమానం ఎక్కకుండా కట్టిపడెయ్యడానికి పన్నిన ఉపాయం ఇది. అయితే ఏ సంస్థా ప్రపంచమంతా ఎగరలేదు కదా! అందుకని సంస్థలు జట్లు కట్టాయి. 1997 మే 14న లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, ఎస్ఏఎస్, థాయ్ కలిసి స్టార్ అలయన్స్ పెట్టుకున్నాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి. జట్టులో ఏ విమానం ఎక్కినా, మనకి ఖాతా ఉన్న సంస్థలోనే మైళ్ళు జమ చేయించుకోవచ్చు. ఎక్కించుకున్న సంస్థ ఆ మైళ్ళకి సరిపడా సొమ్ము ఖాతా ఉన్న సంస్థకి చెల్లిస్తుంది. మనకి మాత్రం అన్ని వాగుల నీళ్ళూ ఒకే చెరువులో చేరినట్టు.

చెరువు ఒకటే ఉండాలన్న సంగతే మేష్టారికి 2010లో తెలియలేదు. మనవడి పురుడుకి వెళ్ళేటప్పుడు అల్లుడు చవగ్గా దొరికిందని గల్ఫ్ మీదుగా ఒక సంస్థ టిక్కెట్టూ, వచ్చేటప్పుడు ఐరోపా మీదుగా ఇంకో సంస్థ టిక్కెట్టూ కొన్నాడు. ఈసారి ముందే జాగ్రత్తపడి రెండింటిలోనూ సభ్యత్వం తీసుకున్నారు మేష్టారు. ఇద్దరికీ కలిపి నాలుగు కార్డులు. నాలుగింట్లోనూ తలా కాసిని మైళ్ళు. దేనితోనూ ఏ టిక్కెట్టూ రాదు. ఆ రెండు సంస్థలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మూడేళ్ళు గడిచాయి. గడువు తీరిపోయిందని 2013లో రెండు చోట్లా సున్నా చేసేశారు. 'నాలుగు కుండల్లో నాలుగు గరిటెల గంజి పోసుకున్నాం. ఒక్కరికీ ఆకలి తీరలేదు' అంది మేష్టారి భార్య. ఆవిడకి మైళ్ళ మీద నమ్మకం ముందునుంచీ లేదు.

2014 జూలై 11న ఎయిరిండియా స్టార్ అలయన్స్‌లో చేరింది. ఆ పెళ్ళి కుదరడానికి ఏడేళ్ళు పట్టింది. 2007 డిసెంబరులో పిలుపు వచ్చింది. షరతులు పూర్తి చెయ్యలేదని 2011లో ఆ వ్యవహారాన్ని పక్కన పెట్టారు. మళ్ళీ మాటలు కలిసి చివరికి ముడి పడింది. ఉత్తరాంధ్ర ప్రయాణికుడికి దీంతో పెద్ద సౌకర్యమే కలిగింది. విశాఖ నుంచి ఢిల్లీకి ఎయిరిండియా, అక్కణ్ణించి లుఫ్తాన్సా, ఆ తర్వాత యునైటెడ్... మూడు విమానాలెక్కినా ఖాతా ఒకటే. విశాఖ-ఢిల్లీ ముక్క 840 మైళ్ళు కూడా వృథా పోవు. 2015లో కూతురి గృహప్రవేశానికి బయల్దేరే ముందు మేష్టారు ఫ్లయింగ్ రిటర్న్స్‌లో ఇద్దరికీ పేర్లు నమోదు చేయించారు. మనిషికి 18 వేల మైళ్ళు వస్తాయని దారంతో కొలిచి రాసుకున్నారు కూడా.

వచ్చినవి పది వేల లోపు!

మేష్టారు ఏ తప్పూ చెయ్యలేదు. దూరం సరిగ్గానే కొలిచారు. అయితే టిక్కెట్టు మీద ఒక మూల చిన్న ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. దాన్ని ఆయనే కాదు, ఎవరూ చూడరు. ఒకే విమానంలో, ఒకే వరుసలో, ఒకే ఉప్మా తిన్న ఇద్దరికి వేర్వేరు అక్షరాలుండొచ్చు. పూర్తి ధర పెట్టి కొన్నవాడి 'వై' అక్షరానికి నూటికి నూరు మైళ్ళు. ధర తగ్గుతున్న కొద్దీ అక్షరం మారుతుంది... యాభై, పాతిక, ఆఖరికి సున్నా. సొంత విమానంలో ఒక లెక్క, జట్టులోని విమానంలో ఇంకో లెక్క. పైగా ఏ అక్షరానికి ఎంతన్నది సంస్థకీ సంస్థకీ మారిపోతుంది. అది చాలదన్నట్టు టిక్కెట్టు మీద ఒక సంస్థ నంబరు ఉంటుంది, తీరా ఎక్కితే విమానం మరొకరిది. అప్పుడు ఎవరి పట్టిక చూడాలో అది వేరే పేచీ.

వంశధార ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళకి ఈ పద్ధతి చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్ళు వదులుతారు. కాలువ మొదట్లో ఉన్నవాడికి నిండుగా పారుతుంది. శివారు ఆయకట్టు రైతు గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తాడు. కాగితం మీద ఇద్దరిదీ ఆయకట్టే. 'మనవి శివారు టిక్కెట్లన్నమాట' అనుకున్నారు మేష్టారు.

ఇక భార్య ఖాతాలో ఆ శివారు మైళ్ళు కూడా పడలేదు. పేరు కలవలేదన్నారు. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కంప్యూటర్లకి అది తలకిందులు. పాత పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అలాంటివాళ్ళకి అమెరికా వీసా మీద ఉన్న పేరునే ఇంటిపేరు గడిలో పెట్టి, పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని వేస్తారు. పేరు తెలియదు అని దానర్థం! ఆవిడకి పాస్‌పోర్టులో ఒకటి, ఖాతాలో ఒకటి, టిక్కెట్టు మీద మూడోది అయి కూర్చున్నాయి. ఆ మాట వినగానే 'నలభై ఏళ్ళుగా నాను ఎవర్నో ఊరందరికీ తెలుసు. ఆలకి తెలీదేటి?' అంది ఆవిడ.

ఇలా జమకాని మైళ్ళని తర్వాత అడిగి తీసుకోవచ్చు. దానికి సామాన్యంగా ఆరు నెలలు గడువిస్తారు, కొన్ని చోట్ల ఏడాది. కావలసినవి టిక్కెట్టు నంబరు, బోర్డింగ్ పాస్ ముక్క. చాలామంది ఆ ముక్కని విమానం దిగగానే సీటు జేబులోనే వదిలేస్తారు. మేష్టారు బిస్కట్ల డబ్బాలో తేదీలవారీగా పెట్టారు. ఆర్నెల్ల ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. పెళ్ళినాటి శుభలేఖ తప్ప అన్ని కాగితాలూ పంపామని ఆయన చెబుతారు. చివరికి ఆవిడ మైళ్ళు ఆవిడకి వచ్చాయి. 2016లో కూతురికి ఆపరేషనైతే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి పేర్లు కలిశాయి, అక్షరాలూ చూసుకున్నారు. ఇద్దరి ఖాతాల్లో చెప్పుకోదగ్గంత పోగుపడింది.

వీటితో ఏం చెయ్యాలన్నది పెద్ద ప్రశ్న. మైళ్ళతో సీటు దొరికే రోజు మనకి పనుండదు, మనకి పనున్న రోజు సీటుండదు. దాచుకుందామా, అవి బంగారం కాదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయినప్పుడు దాని సభ్యుల మైళ్ళు దాంతోపాటే పోయాయి. ఇంకోపక్క విమానాల కన్నా మైళ్ళ పథకాలే విలువైనవని బ్యాంకులు అనుకునే రోజులూ వచ్చాయి. 2020లో కరోనాతో విమానాలు నేలకి దిగినప్పుడు యునైటెడ్, డెల్టా తమ మైళ్ళ పథకాలనే తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నాయి. అసలు ఎగరకుండానే మైళ్ళు గడించినవాడున్నాడు. 1999లో కాలిఫోర్నియాకి చెందిన డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు ఒక కంపెనీ ప్రకటన చదివి, లెక్క కట్టి, 12 వేలకు పైగా పుడ్డింగు కప్పులు కొన్నాడు. వాటి లేబుళ్ళు పంపి పన్నెండు లక్షలకు పైగా మైళ్ళు సంపాదించాడు. లేబుళ్ళు ఒలిచే పనికి సాయం పట్టినందుకు పుడ్డింగంతా ఓ ధర్మసంస్థకి ఇచ్చేశాడు. ఈ కథ విని మేష్టారు చాలా ముచ్చటపడ్డారు. చదువుకున్న లెక్కలు ఎవరికైనా పనికొస్తే ఆయనకి సంతోషం.

మేష్టారి మైళ్ళకి పని 2017లో పడింది.

ఆయన అప్ప పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విశాఖలో ఆపరేషను అన్నారు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. అప్పటికి వెళ్ళి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళకోసారి కంపెనీ టిక్కెట్టిస్తుంది, మధ్యలో రావాలంటే సొంత ఖర్చు. వాడి తర్వాతి సెలవుకి ఇంకా ఎనిమిది నెలలుంది. జీతం లేకుండా సెలవిస్తామన్నారు గానీ, రేపటి ప్రయాణానికి ఈవేళ కొనే టిక్కెట్టు ధర మామూలుకి మూడింతలైంది. 'డబ్బు పంపించీస్తాను మావయ్యా, ఆపరేషన్ కానిచ్చీండి. నానొచ్చి ఏటి సేస్తాను?' అన్నాడు వాడు ఫోనులో. ఆ గొంతు విని మేష్టారు పద్దు పుస్తకం తీశారు.

ధర ఎంత పెరిగినా మైళ్ళ టిక్కెట్టుకి ఆ రోజుల్లో పట్టికలో రాసినన్ని మైళ్ళే. సీటుంటే చాలు. షికాగోలో కూతురు రాత్రి కూర్చుని వెతికితే దుబాయ్-ఢిల్లీ-విశాఖ ఒక సీటు కనిపించింది. పన్నులు మాత్రం రూపాయల్లోనే కట్టాలి. ఉచిత టిక్కెట్టంటే పూర్తి ఉచితం ఎక్కడా ఉండదు. రావడానికొక టిక్కెట్టు, తిరిగి వెళ్ళడానికొకటి. ఒక్కరి ఖాతాలో రెండింటికీ సరిపోవు. ఒకటి మేష్టారి ఖాతాలోంచి, రెండోది ఆవిడ ఖాతాలోంచి తియ్యాలి. ఏది ఎవరిదైనా ఒకటే కదా అని మేష్టారు నంబర్లు చెప్పబోతుంటే ఆవిడ ఆపింది.

'ఆడిని తీసుకురాడానికి నావి వాడండి. తిరిగి పంపించీడానికి మాత్రం నావి ముట్టుకోకండి.'

లెక్కల మేష్టారు ఆ మాటకి జవాబు చెప్పలేదు. కూతురికి భార్య నంబరు ముందు చెప్పారు.

వాడు వచ్చాడు. ఆపరేషనప్పుడు బయట బెంచీ మీదున్నాడు. తల్లిని నడిపించాడు. పద్నాలుగేళ్ళుగా చూడని కొత్తమ్మ తల్లి జాతర ఈసారీ కుదరలేదు గానీ, గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా మేష్టారు అడిగారు. 'ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఎక్కావురా విమానం?'

వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. కంపెనీలు మారడం, మధ్యలో వీసా పనులు, అన్నీ కలిపి తొమ్మిదిసార్లు రాకపోకలు. అంటే పద్దెనిమిది ప్రయాణాలు. అన్నీ ముంబై మీదుగానే. అక్కణ్ణించి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగడం. దుబాయ్-ముంబై సుమారు 1,200 మైళ్ళు. మేష్టారు గుణించారు. 21,600. ఆ మైళ్ళలో ఒక్కటి కూడా ఎక్కడా జమ కాలేదు. 'నాకు మైళ్ళేటి మావయ్యా? టిక్కెట్టు ఏజెంటు సేతిలో పెడతాడు. ఎక్కుతాను, దిగుతాను' అన్నాడు వాడు. ఆ టిక్కెట్లలో చాలావరకు గుంపుగా కొన్నవి. అలాంటి వాటికి చాలా పథకాలు మైళ్ళివ్వవు. మిగిలినవి ఏ జట్టులోనూ లేని చవక విమానాలవి. కూలి కోసం ఎగిరినవాడికి దూరం దూరమే గానీ మైలు కాలేదు. వాడిని ఇంటికి చేర్చినవి మనవల్ని ఎత్తుకోవడానికి వెళ్ళొచ్చిన ముసలిదంపతుల మైళ్ళు!

తిరిగి వెళ్ళే రోజున వాడు విశాఖ నుంచే ఫోన్ చేశాడు. కౌంటర్లో మెంబరు నంబరు అడుగుతున్నారని, చెప్పమంటారా అని. మైళ్ళతో కొన్న టిక్కెట్టుకి మైళ్ళు రావని చెప్పి, అయినా ఇల్లు చేరగానే సభ్యత్వం తీసుకోమన్నారు మేష్టారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే పేరు రాయమని మూడుసార్లు చెప్పారు.

ఆ తర్వాత నియమాలు చాలా మారాయి. డెల్టా, యునైటెడ్ 2015 నుంచే దూరం లెక్క మానేసి, టిక్కెట్టుకి ఎంత ఖర్చుపెట్టారో దాన్నిబట్టి మైళ్ళివ్వడం మొదలుపెట్టాయి. 2024 ఏప్రిల్‌లో ఎయిరిండియా కూడా తన విమానాలకి అదే పద్ధతి తెచ్చింది. అదే ఏడాది నవంబరు 12న విస్తారా దాంట్లో కలిసిపోయి, పథకం పేరు మహారాజా క్లబ్ అయింది. జట్టులోని ఇతర విమానాలకి మాత్రం దూరం, అక్షరం లెక్క మిగిలింది. మేష్టారి దారానికి ఆ మేరకు ఇంకా పని ఉంది.

మేనల్లుడికి ఆయన పుస్తకంలో ఒక పేజీ వేశారు. వాడు ప్రయాణం ముందు టిక్కెట్టు ఫొటో తీసి పంపుతాడు. ఈయన ముందు అక్షరం చూస్తారు. 2018లో ఒకటి, 2020లో ఒకటి వచ్చాయి. రెండింటి ఎదురుగా సున్నా. 2022లో కంపెనీ హైదరాబాద్ టిక్కెట్టు ఇచ్చింది. దూరం 1,585 మైళ్ళు. అక్షరం పాతిక శాతంది. నెల తర్వాత ఖాతాలో 396 పడ్డాయి.

'396తో ఏటొస్తాది మావయ్యా?' అని అడిగాడు వాడు.

ఏమీ రాదు. ఆ సంగతి మేష్టారికి తెలుసు. కాసేపు ఆగమని ఫోను పక్కన పెట్టి మ్యాపు మీద స్కేలు ఆన్చి చూశారు. 'కోటబొమ్మాళి నుంచి తిన్నగా గీత గీస్తే హైదరాబాదు దాటి పదిహేను మైళ్ళు వస్తుందిరా' అన్నారు.